కుంకుడు నురగ, చమురు ట్యాంకు



తలంటి పోసుకునే రోజు కుంకుడుకాయలు ఎప్పుడు కొడతారు? ముందురోజు రాత్రే కొట్టి, నానబెట్టి ఉంచుతారు. తలకు నూనె పట్టించుకుని పీట మీద కూర్చున్నాక కాయల కోసం చేటలు వెతికే ఇల్లు ఎక్కడా ఉండదు. అరకు లోయలోనూ, అనంతగిరి, పాడేరు కొండల్లోనూ ఈ మాట వింటున్నవాళ్లకు కుంకుడుకాయ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మీరు ఏరి, ఎండబెట్టి, సంతకు మోసుకొస్తే గిరిజన సహకార సంస్థ (జి.సి.సి.) వాళ్లు తూకం వేసి కొంటారు. ఆ కాయ పిసికితే వచ్చే నురగ గురించే ఇవాళ నాలుగు మాటలు చెబుతాను. తల రుద్దుకునే నురగ కాదు. కోట్ల లీటర్ల పెట్రోలు మీద మంట లేస్తే దాన్ని అణిచే నురగ.

విశాఖపట్నం వెళ్లినప్పుడు మల్కాపురం వైపు బస్సెక్కినవాళ్లు ఆ ట్యాంకులు చూసే ఉంటారు. బోర్లించిన గంగాళాల్లా తెల్లగా, వరసగా కనిపిస్తాయి. 1957లో కాల్టెక్స్ కంపెనీ అక్కడ చమురు శుద్ధి కర్మాగారం పెట్టింది. 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. మీ బండిలో పడే పెట్రోలు అలాంటి ట్యాంకుల్లోంచే లారీ ట్యాంకరెక్కి, శృంగవరపుకోట దాటి, మలుపు మలుపుకీ హారను కొట్టుకుంటూ ఘాటీ ఎక్కి పైకొస్తుంది.

ఈసారి బంకు దగ్గర ఆగినప్పుడు ఒకటి గమనించండి. ఎర్ర రంగు బకెట్లు వరసగా వేలాడుతుంటాయి. వాటిలో ఉండేది ఇసుక. మంటలార్పడానికి పెట్టిన బకెట్లలో నీళ్లెందుకు లేవు?

జవాబు మన వంటింట్లోనే ఉంది. మూకుడులో నూనె బాగా కాగి అంటుకుందనుకోండి. కంగారులో చెంబుడు నీళ్లు పోస్తే ఏమవుతుంది? నీళ్లు నూనెకన్నా బరువు, అందుకని అడుక్కి పోతాయి. అక్కడి వేడికి క్షణంలో ఆవిరవుతాయి. లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 1,700 లీటర్ల చోటు కావాలి. ఆ ఆవిరి పైనున్న మండే నూనెను ఇంటి కప్పుదాకా ఎగజిమ్ముతుంది. తెలిసిన ఇల్లాలు నీళ్ల జోలికి పోదు. పొయ్యి ఆర్పి, మూకుడు మీద మూత పెడుతుంది. గాలి ఆడక మంట దానంతటదే చస్తుంది.

ట్యాంకులోనూ ఇదే జరుగుతుంది, కాకపోతే మూకుడు పెద్దది. 1982 డిసెంబరు 19న వెనెజులాలోని టకోవా అనే చోట విద్యుత్ కేంద్రానికి చెందిన చమురు ట్యాంకు అంటుకుంది. కొన్ని గంటలపాటు పైపైనే మండింది. ఆర్పేవాళ్లు, చూడ్డానికి వచ్చినవాళ్లు చుట్టూ చేరారు. పైనున్న వేడి మెల్లగా కిందికి దిగి, ట్యాంకు అడుగున ఎప్పుడూ ఉండే కాస్త నీటిని తాకింది. అంతే. ట్యాంకులో చమురంతా ఒక్కసారిగా పొంగి బయట పడింది. 150 మందికి పైగా పోయారు. పాలు పొంగినట్టు చమురు పొంగితే ఎలా ఉంటుందో ప్రపంచం ఆ రోజు చూసింది.

మరి మూత పెట్టాలంటే? యాభై అరవై మీటర్ల అడ్డం ఉన్న ట్యాంకుకు, అందులోనూ మంటల మధ్య, మూత మోసుకుపోయేదెవరు? మూతే ప్రవహించాలి. నీళ్లలా పారాలి, పెట్రోలు మీద తేలాలి, మూలమూలకీ పాకాలి, పాకాక కదలకుండా కూర్చోవాలి. నీళ్లకున్న గుణం, నీళ్లకు లేని తేలిక, రెండూ కావాలి. ఆ రెండూ ఉన్నది నురగకే.

ఈ సంగతి మొదట పట్టుకున్నవాడు ఒక బడిపంతులు. పేరు అలెగ్జాండర్ లోరాన్. కాస్పియన్ సముద్రం ఒడ్డున బాకు నగరంలో పాఠాలు చెప్పేవాడు. నూరేళ్ల కిందట బాకు అంటే చమురు బావులు. చమురు బావులంటే రోజులతరబడి ఆరని మంటలు. వాటిని చూసి చూసి, ఆయన నురగతో ప్రయోగాలు చేసి, 1904లో దానికి పేటెంటు సంపాదించాడు. ఆ కాలపు నురగలో సోడాలాంటి రసాయనాలు రెండు కలిసి బుడగలు పుట్టించేవి. ఆ బుడగలు వెంటనే పగిలిపోకుండా పట్టి ఉంచడానికి ఏం వాడారో తెలుసా? అతిమధురం వేరు సారం. మన పచారీ కొట్టులో దగ్గుకు ఇచ్చే అతిమధురమే. అందులో నురగ నిలబెట్టే పదార్థం, మన కుంకుడుకాయలో నురగ తెప్పించే పదార్థం ఒకే కుటుంబానివి. వాటిని సాపోనిన్లు అంటారు. మన కొండమీది చెట్టుకు, బాకు చమురు మంటకు అలా చుట్టరికం ఉంది.

తర్వాత 1930ల్లో పశువుల కొమ్ములు, గిట్టల నుంచి తీసిన ప్రోటీనుతో నురగ వచ్చింది. 1960ల్లో అమెరికా నౌకాదళం పరిశోధకులు చమురు మీద పలచటి నీటిపొర పరిచే కొత్త రకం తెచ్చారు. సరుకు మారింది. పని మాత్రం అదే. మండేది పెట్రోలు కాదు, పెట్రోలు మీద లేచే ఆవిరి. నురగ ఆ ఆవిరిని కింద అణిచిపెడుతుంది, గాలిని పైనే ఆపుతుంది, తనలోని నీటితో చల్లారుస్తుంది.

ట్యాంకుల దగ్గర దీనికి పెద్ద ఏర్పాటే ఉంటుంది. నురగను అక్కడ ఫోమ్ అంటారు. ఒకచోట చిక్కటి ఫోమ్ ద్రావకం నిల్వ ఉంటుంది. నూటికి మూడు పాళ్లు ఈ ద్రావకం, తొంభయ్యేడు పాళ్లు నీళ్లు. సముద్రపు నీటితో పనిచేసే రకాలూ ఉన్నాయి. ఈ పాళ్లు ఎవరూ కొలిచి పొయ్యరు. నీరు ఇరుకు సందులోంచి వేగంగా పరుగెత్తేటప్పుడు పక్క గొట్టంలోని ద్రావకాన్ని తనవెంట లాక్కుపోతుంది. ఆ కలిపిన నీళ్లు పైపులో ట్యాంకు పైఅంచుదాకా ఎక్కుతాయి. అక్కడ ఫోమ్ పోరర్ అనే పెట్టె ఉంటుంది. మామూలు రోజుల్లో పెట్రోలు ఆవిరి పైపులోకి రాకుండా దానికి పలచని అద్దం బిగించి ఉంచుతారు. నీళ్ల ఒత్తిడికి అద్దం పగులుతుంది. నీళ్లు గాలిని పీల్చుకుని, ఐదారింతలై, నురగగా ట్యాంకులోకి దిగుతాయి.

దిగడంలోనూ ఒక పద్ధతి ఉంది. గోడ వారగా మెత్తగా జారాలి. పైనుంచి దూకిస్తే నురగ పెట్రోల్లో మునిగి, దాన్ని ఒంటికి పూసుకుని పైకి తేలుతుంది. అలా తడిసిన నురగే మండుతుంది. ఎర్రగా కాలిన ఇనప గోడకు తగిలినా నురగ చచ్చిపోతుంది. అందుకే ట్యాంకు గోడను బయటినుంచి నీళ్లతో చల్లబరుస్తూనే ఉంటారు. లోపల పనికిరాని నీళ్లు బయట ప్రాణం నిలబెడతాయి.

ఇక లెక్క. కాగితం అక్కర్లేదు, చెవితోనే వినండి. 40 మీటర్ల అడ్డం ఉన్న ట్యాంకు తీసుకుందాం. పైన మండే జాగా సుమారు 1,257 చదరపు మీటర్లు. మన దేశంలో చమురు పరిశ్రమ భద్రతకు ఓ.ఐ.ఎస్.డి. అనే సంస్థ ప్రమాణాలు రాస్తుంది. కప్పు కదలని ట్యాంకుకు చదరపు మీటరుకు నిమిషానికి 5 లీటర్ల చొప్పున ఫోమ్ నీళ్లు పడాలని దాని లెక్క. అంటే నిమిషానికి దాదాపు 6,300 లీటర్లు. అందులో చిక్కటి ద్రావకమే దాదాపు 190 లీటర్లు. గంటసేపు పోయాలంటే ఒక్క ద్రావకమే పదకొండు వేల లీటర్లు దాటుతుంది. 12 వేల లీటర్ల పెట్రోలు ట్యాంకరు ఘాటీ ఎక్కడం చూశారు కదా, ఇంచుమించు అలాంటి బండెడు. నీళ్లు మూడున్నర లక్షల లీటర్లపైన. గోడ చల్లబరిచే నీళ్లు ఇందులో లేవు.

ఈ అంకెలు చెప్పడానికి కారణం ఉంది. సగం మూత మూత కాదు. మూకుడు మీద మూత పక్కకు జరిగి పెడితే మంట ఆ సందులోంచే తన్నుకొస్తుంది. నురగా అంతే. ట్యాంకులో ముప్పాతిక భాగం కప్పాక ద్రావకం అయిపోయిందా, మిగిలిన పాతిక మంట కప్పినదాన్నంతా తినేస్తుంది. పోసిందంతా వృథా. మళ్లీ మొదటికి రావాలి, ఈసారి ఖాళీ చేతులతో.

2001 జూన్ 7న అమెరికాలో లూసియానా రాష్ట్రం నార్కోలో పిడుగు పడి ఒక పెట్రోలు ట్యాంకు అంటుకుంది. దాని అడ్డం 270 అడుగులు, అంటే 82 మీటర్లు. అంత పెద్ద ట్యాంకు పూర్తిగా మండుతుంటే ఆర్పినవాళ్లు అప్పటిదాకా లేరు. అక్కడికి వచ్చిన నిపుణులు వెంటనే నురగ మొదలుపెట్టలేదు. గంటలతరబడి పంపులు, గొట్టాలు, ద్రావకం పోగుచేశారు. ట్యాంకు మండుతూనే ఉంది. చూసేవాళ్లకు వీళ్లేం చేస్తున్నారనిపించి ఉంటుంది. అన్నీ చేరాక, ఎక్కడ పడితే ఎటు పాకుతుందో లెక్కవేసుకుని ఒక్కసారి మొదలుపెట్టారు. 65 నిమిషాల్లో ఆరిపోయింది. పూట పొడవునా సిద్ధం కావడం, గంటలో పని ముగించడం.

అంతదాకా రానివ్వకపోవడం మరీ మంచిది. క్రూడాయిల్, పెట్రోలు లాంటివి దాచే పెద్ద ట్యాంకుల్లో చాలావాటికి కప్పు పాల మీద మీగడలా చమురు మీదే తేలుతుంది. చమురు పెరిగితే లేస్తుంది, తరిగితే దిగుతుంది. ఆవిరి చేరడానికి చోటుండదు. కప్పుకూ గోడకూ మధ్య ఉండే సందును రబ్బరు సీలుతో మూస్తారు. పిడుగు పడితే మంట సాధారణంగా ఆ సందు దగ్గరే మొదలవుతుంది. అందుకే కప్పు మీద అంచుకు కాస్త లోపలగా చిన్న రేకు గట్టు కడతారు. పోసిన నురగ కప్పంతా పాకి పలచబడకుండా ఆ గట్టు దాన్ని సీలు మీదే ఆపుతుంది. వరిమడికి గట్టు ఎలాగో ఇదీ అలాగే. 60 మీటర్ల ట్యాంకులో ఆ అంచు వలయం ఓ 150 చదరపు మీటర్లు. మొత్తం ట్యాంకు 2,800 పైన. వలయంగా ఉన్నప్పుడే పట్టుకుంటే పందొమ్మిదో వంతు పనితో ముగుస్తుంది.

పిడుగంటే మనకు దూరపు సంగతి కాదు. తొలకరికి ముందు ఈ కొండల్లో ఎన్ని పశువులు, ఎందరు మనుషులు పోతారో మీకు తెలుసు. 2025 సెప్టెంబరులో విశాఖలోనే ఈస్ట్ ఇండియా పెట్రోలియం నిల్వ కేంద్రంలో పిడుగు పడి ట్యాంకు అంటుకుంది. అదృష్టం, ఎవరి ప్రాణమూ పోలేదు.

అంతకు ముందు, 2016 ఏప్రిల్ 26 సాయంత్రం, దువ్వాడ దగ్గర ప్రత్యేక ఆర్థిక మండలిలో బయోమాక్స్ అనే బయోడీజిల్ కర్మాగారం అంటుకుంది. ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు మంట దూకుతూ పోయింది. నౌకాదళం వాళ్లు సైతం వచ్చి రాత్రంతా పోరాడారు. పక్క ట్యాంకుకు అంటకుండా ఆపడమే ఇలాంటి చోట సగం యుద్ధం.

బయోడీజిల్ తయారీలో మిథనాల్ వాడతారు. అది ఆల్కహాలు జాతి. ఆల్కహాలుకు మామూలు నురగ పనికిరాదు. ఇంట్లో చేసి చూడవచ్చు. సబ్బు నురగ మీద చేతులకు రాసుకునే శానిటైజర్ నాలుగుసార్లు చల్లండి, నురగ కుంగిపోతుంది. ఆల్కహాలుకు నీళ్లంటే మోజు. బుడగలోని నీళ్లను లాగేసుకుంటుంది. అందుకని దానికి జిగురు కలిపిన వేరే ఫోమ్ ఉంది. ఆల్కహాలు తాకగానే ఆ జిగురు విడిపోయి పొరలా పరుచుకుంటుంది. నురగ ఆ పొర మీద భద్రంగా కూర్చుంటుంది. మీరు చెట్ల నుంచి తీసే తపసి జిగురు నీళ్లలో ఉబ్బి సాగే గుణం ఎలాంటిదో, దీనిదీ ఆ తీరే. ఏ ట్యాంకులో ఏముందో తెలియకుండా ఏదో ఒక నురగ పోస్తే చాలదన్నమాట.

నురగకు అసలే లొంగని మంటలూ ఉన్నాయి. 1997 సెప్టెంబరు 14, ఆదివారం తెల్లవారుజాము విశాఖ మరిచిపోలేదు. ఓడ నుంచి వంటగ్యాసు దింపుతుండగా రిఫైనరీలో గ్యాసు బయటికి లీకైంది. గాలికన్నా బరువైన ఆ గ్యాసు పైకి పోదు. ఉదయం అరకు లోయలో పొగమంచు పల్లంలో కూర్చున్నట్టు నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. నిప్పు తగిలింది. గ్యాసు గోళాలు పేలాయి, చుట్టుపక్కల చమురు ట్యాంకులు అంటుకున్నాయి. దాదాపు 60 మంది ప్రాణాలు పోయాయి. ఒత్తిడితో చిమ్మే గ్యాసు మీద నురగ నిలబడదు. అక్కడ వాల్వు కట్టాలి, నీళ్లతో చల్లబరచాలి, మనుషుల్ని దూరం పంపాలి.

2009 అక్టోబరు 29న జైపూర్ దగ్గర సీతాపురాలో ఇండియన్ ఆయిల్ డిపోలో పెట్రోలు లైను దగ్గర చిమ్మి, గంటకు పైగా ఆవిరి పరుచుకుని పేలింది. ఆ ట్యాంకులు దాదాపు 11 రోజులు మండాయి. చివరికి ఆర్పలేదు, కాలి అయిపోనిచ్చారు. పేలుడు జరిగాక ఎవరూ దగ్గరికి పోయే వీలు లేకపోయింది. ఎం.బి.లాల్ అధ్యక్షతన వేసిన కమిటీ తర్వాత కొన్ని గట్టి మాటలు చెప్పింది. దూరం నుంచే నడిపే, నురగ చిమ్మే పెద్ద ఫోమ్ మానిటర్లు పెట్టాలంది. తేలే కప్పు అంచున మంట లేచిన క్షణాన దానంతటదే కనిపెట్టే ఏర్పాటు ఉండాలంది. ఒకే ప్రమాదానికి కాక రెండు పెద్ద ప్రమాదాలు ఒకేసారి వచ్చినా సరిపడే నీళ్లు దాచమంది. అన్నింటి వెనకా ఉన్నది ఒకటే మాట: మంట రాకముందే.

మూత గురించి చెబుతున్నాను కనుక ఇంకొక మూత సంగతి. విశాఖలో కొండ రాతి కింద సొరంగాలు తొలిచి 13 లక్షల 30 వేల టన్నుల క్రూడాయిల్ దేశం అవసరానికి దాచారు. చుట్టూ రాతిలో ఊరే నీటి ఒత్తిడి ఆ చమురును బయటికి పోనివ్వదు. గాలి లేదు, పిడుగు చేరదు. తూర్పు కనుమల్లో పరుచుకున్న ఈ రాతికి ఖొండలైటు అని పేరు. ఖోండు గిరిజనుల పేరు మీదే ఆ పేరు పెట్టారు. మీ పేరున్న రాయే దేశపు చమురుకు మూత.

ఇప్పుడు మీకు నేరుగా పనికొచ్చే మాట. ఘాటీలో ట్యాంకరు బోల్తా పడితే బిందెలు పట్టుకుని పరుగెత్తకండి. 2017 జూన్‌లో పాకిస్తాన్‌లో బహావల్‌పూర్ దగ్గర అలా పెట్రోలు పట్టుకోబోయి 200 మందికి పైగా కాలిపోయారు. ఆవిరి కంటికి కనబడదు. వాలు వెంట గెడ్డలోకి దిగి, కింద ఎక్కడో పొయ్యి దగ్గర నిప్పందుకుని మంటై వెనక్కి వస్తుంది. కాబట్టి పల్లంలో నిలబడకండి. గాలి ఎటునుంచి వీస్తోందో అటువైపుగా, ఎగువకు వెళ్లండి. బీడీ, చుట్ట వద్దు. పక్కనే బండి స్టార్టు చేయవద్దు. ఫోను కూడా దూరం జరిగాకే తీసి 101కి గానీ 112కి గానీ చెప్పండి. ఏమి పడింది, ఎక్కడ, మనుషులెందరు అన్నది చెబితే ఫైరింజను సరైన ఫోమ్‌తో బయలుదేరుతుంది.

నురగకూ ఒక దోషం ఉంది. అరవై ఏళ్లుగా వాడుతున్న కొన్ని ఫోముల్లో ఫ్లోరిన్ రసాయనాలుంటాయి. అవి మట్టిలో, నీళ్లలో ఏళ్లు గడిచినా నశించవు. వాటిలో ఒకదాన్ని 2009లోనే స్టాక్‌హోమ్ ఒప్పందం కట్టడి జాబితాలో చేర్చింది. ఫ్లోరిన్ లేని ఫోములు ఇప్పుడు వస్తున్నాయి. సాధన కోసం పోసిన నురగైనా కాలవలోకి వదలకూడదు. మన అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని, బొర్రా గుహల మీదుగా తాటిపూడి చేరి, విశాఖ జనం గొంతు తడుపుతుంది. కింద మంటలార్పిన నీళ్లు కూడా ఏదో ఒక గోస్తనిలోకే చేరతాయి.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇన్ని పైపులు, ఇన్ని పంపులు, బండెడు ద్రావకం ఏళ్లతరబడి ఏ పనీ లేక పడి ఉంటాయి. ఏటా ద్రావకం నమూనా పరీక్షకు పంపాలి, పంపులు తిప్పి చూడాలి, అద్దం పగిలిందేమో ఎక్కి చూడాలి. ఇదంతా దండగ ఖర్చు అనిపించే రోజు రాకపోదు. అలా అనిపించినవాళ్లను ఈ కొండలకు పంపాలి. తలంటికి ముందురోజు రాత్రి, దీపం ఆర్పబోతూ, కుంకుడుకాయలు నానేశామా అని ఒకసారి గిన్నె మూత ఎత్తి చూసే ముసలమ్మ దగ్గర కూర్చోబెట్టాలి.